ఆఖరి బస్సు కోసం తీసేసిన సీన్లు

"మనిషన్నాక సిగ్గుండాలి," అంది జడ్జమ్మ, చొక్కాకి కాజా కుడుతూ. "ఆ పిల్లని నలుగురి ముందూ నానా మాటలూ అన్నాడు. ఏడుస్తూ వెళ్లిపోయింది. బాగానే ఉంది. ఆ తర్వాత సీనులో ఏం చూపించాడో తెలుసా? అదే పిల్ల వాడి బండి వెనక కూర్చుని వాడి భుజం మీద తల వాల్చింది. మధ్యలో ఒక్క సారీ లేదు, ఒక్క మాట లేదు. ఆడపిల్లలంటే అంత చవగ్గా ఉందా వీళ్లకి?"

షాపులో కుట్టుమిషన్లన్నీ ఆగిపోయాయి. శనివారం పొద్దున ఎప్పుడూ ఇంతే. శుక్రవారం సాయంత్రం జడ్జమ్మ కొత్త సినిమా చూస్తుంది, శనివారం షాపులో తీర్పు చెబుతుంది. నోరు తెరిస్తే తీర్పే కాబట్టి చిన్నప్పుడే ఎవరో ఆ పేరు పెట్టారు. ఇరవై ఏళ్లు వచ్చినా అసలు పేరు ఇంట్లో వాళ్లకి కూడా గుర్తు రావడం లేదు. షాపు వాళ్లమ్మది. కింద షాపు, పైన ఇల్లు. ఎదురుగా సినిమా హాలు, హాలు పక్కన బస్టాండు.

ఈమధ్య జడ్జమ్మకి ఒక్క సినిమా కూడా నచ్చడం లేదు. దెయ్యం సినిమాలో, రెండు గంటలపాటు ఇంటిల్లిపాదినీ హడలగొట్టిన దెయ్యం చివర్లో నవ్వుతూ దణ్ణం పెట్టి వెళ్లిపోయింది. ఎందుకొచ్చిందో, ఎందుకు పోయిందో చెప్పలేదు. చుట్టాలు కూడా అంత మర్యాదలేకుండా పోరు అని మండిపడింది. డిటెక్టివ్ సినిమాలో హంతకుడు పాలవాడని తేల్చారు. ఆ పాలవాడు అంతకుముందు ఒక్కసారి కనబడితే ఒట్టు. పరుగుపందెం సినిమాలో, ఇక నీ మొహం చూడనని తలుపేసుకున్న కోచ్ మరుక్షణం అదే కుర్రాడి బూట్లకి లేసులు కడుతున్నాడు. వీటన్నిటి మధ్యా ఒక కామెడీ సినిమా మాత్రం పరవాలేదంది. కథైనా అర్థమైంది కదా అని.

ఆమె మాటకి విలువుంది. చొక్కాలు కుట్టించుకునేవాళ్లూ, యూనిఫాములు తీసుకెళ్లేవాళ్లూ ఆమె చెప్పింది విని మరో నలుగురికి చెప్పేవాళ్లు. బాగోలేదందా, ఆ వారం హాల్లో సగం కుర్చీలు ఖాళీ.

"ఆ అమ్మాయి ఊరికే క్షమించి ఉండదేమోనండీ," అన్నాడెవరో గుమ్మంలోంచి.

అందరూ అటు తిరిగారు. సన్నగా పొడుగ్గా ఉన్న ఓ అబ్బాయి, చేతిలో మడతపెట్టిన ప్యాంటు. ఎంతసేపట్నుంచి నిలబడ్డాడో ఎవరూ చూడలేదు.

"మీరు చూశారా ఆ సినిమా?" అంది జడ్జమ్మ.

"చూశానండీ. మూడుసార్లు."

"మూడుసార్లు చూసినా సిగ్గనిపించలేదా?"

వాడు క్షమాపణ అడిగి ఉండొచ్చు కదా, మనకి కనబడకపోయి ఉండొచ్చు కదా అని అతనేదో గొణిగాడు. కనబడకుండా క్షమాపణ అడిగేవాడు సినిమా ఎందుకు తీశాడు, ఇంట్లో కూర్చోవచ్చుగా అంది జడ్జమ్మ. అతని చెవులు ఎర్రబడ్డాయి. ప్యాంటు అక్కడే బల్ల మీద పెట్టి, కొలత కూడా చెప్పకుండా వెళ్లిపోయాడు.

"హాల్లో ఆపరేటరే ఆ అబ్బాయి," అంది వాళ్లమ్మ నవ్వాపుకుంటూ. "హాలు ఓనరుకి మేనల్లుడు. పాపం, ప్యాంటు వదిలేసి పారిపోయాడు."

* * *

జడ్జమ్మ పరువు పోయింది అదే మధ్యాహ్నం.

షాపు పక్కన బండి పెట్టుకునే ఇస్త్రీ అక్కకి సాయంత్రాలే పని ఎక్కువ. అందుకని ఆమె ఎప్పుడైనా సినిమాకి వెళ్తే పొద్దుటాటకే. ఆ రోజు ఆటయ్యాక కళ్లు ఉబ్బిపోయి వచ్చింది. ఎంత బాగా ఏడిపించాడమ్మా అంది. ఆ పిల్ల రొట్టెల కొట్లో పనిచేస్తుంది కదా, వాడు వచ్చి మిగతా వాళ్లతోపాటు వరసలో నిలబడ్డాడట. తన వంతు రాగానే నోరు పెగలక మళ్లీ వరస చివరికి వెళ్లాడట. అలా కొట్టు మూసేదాకా తిరిగి తిరిగి, ఆఖరికి ఏ నలుగురి ముందు ఆ పిల్లని తిట్టాడో ఆ నలుగురినీ పిలిచి వాళ్ల ముందే తప్పు ఒప్పుకున్నాడట.

జడ్జమ్మ చేతిలో సూది ఆగిపోయింది. "అలాంటి సీను లేదక్కా."

"లేకపోవడమేమిటి? నేను ఏడిస్తేనూ."

"నువ్వు వేరే సినిమా చూసుంటావు."

"ఉన్నది ఒక్క హాలు. అందులో ఆడుతోంది ఒక్క సినిమా."

షాపులో వాళ్లు రెండు జట్లయ్యారు. నువ్వే నిద్రపోయి ఉంటావులే అంది ఇస్త్రీ అక్క. తను సినిమాలో నిద్రపోవడమా? జడ్జమ్మకి ఒళ్లు మండిపోయింది. ఆ మంట మీద ఇంకొకామె మెల్లగా ఉప్పు జల్లింది. దెయ్యం సినిమాలో కూడా అలాగే ఓ కునుకు తీశావేమో, పాపం దాన్ని అనవసరంగా తిట్టావు అంది. అందరూ గొల్లున నవ్వారు. వాళ్లమ్మ కూడా నవ్వింది. అది మాత్రం జడ్జమ్మ మర్చిపోలేదు.

ఆదివారం పొద్దున కుట్టాల్సిన యూనిఫాములన్నీ వదిలేసి హాల్లో కూర్చుంది. రొట్టెల కొట్టు వచ్చింది. వరస వచ్చింది. వాడు వెనక్కి వెనక్కి వెళ్లాడు. జడ్జమ్మ ఎంత వద్దనుకున్నా ఏడుపొచ్చింది. ఆ ఏడుపు తుడుచుకోగానే అసలు కోపం వచ్చింది. సినిమా పూర్తవకుండానే లేచి, ఇనప మెట్లెక్కి, "లోపలికి రాకూడదు" అని రాసి ఉన్న తలుపు తోసుకుని లోపలికెళ్లింది.

చిన్న గది. రైలింజనంత చప్పుడు చేస్తున్న మిషను, దాన్ని చల్లబరచడానికో ఫ్యాను, గోడకి చిన్న అద్దం కిటికీ. ఆపరేటర్ గ్లాసులో టీ ఊదుకుంటున్నాడు. ఆమెని చూసి గబుక్కున లేచాడు. ఏటవాలు కప్పు తలకి ఠపీమని తగిలింది.

"ఆ సీను సాయంత్రం ఆటలో ఎందుకు లేదు?"

అతను తల రుద్దుకున్నాడు. "నేనే తీసేశానండీ."

"దెయ్యం ఎందుకొచ్చిందో చెప్పే సీను?"

"అదీ నేనే."

"పాలవాడు?"

"పాలవాడి సీన్లు రెండండీ. రెండూ..." అని ఆగిపోయాడు.

అతను నిలబడే చెప్పాడు. సాయంత్రం ఆటకి వచ్చే జనంలో సగంమంది బస్సు దారిలో ఉండేవాళ్లు. సినిమా పొడుగైతే ఆఖరి బస్సు కోసం మధ్యలోనే కుర్చీలు దడదడలాడిస్తూ లేచిపోతారు. మరుసటి వారం ఇక రారు. అందుకని బస్సు కదిలేలోపు సినిమా అయిపోవాలని మామయ్య హుకుం. ఎక్కణ్ణుంచి ఎక్కడికి దూకాలో ముందే మిషనుకి చెప్పి పెడితే అదే దూకేస్తుంది. ఏ ముక్క తీసెయ్యాలన్నది మాత్రం అతనిష్టం.

"పాట తీసేస్తే విజిళ్లు వేస్తారండీ. ఫైటు తీసేస్తే కుర్చీలు విరగ్గొడతారు. కామెడీ తీస్తే డబ్బులు వెనక్కివ్వమంటారు. ఇద్దరు మనుషులు కూర్చుని మాట్లాడుకునే సీను తీసేస్తే ఎవరూ ఏమీ అనరు. ఇన్నాళ్లకి మీరొక్కరే అడిగారు."

మెచ్చుకోలుగా అన్నాడు పాపం. దాంతో ఆమెకి ఇంకా మండింది. ఇన్నాళ్లూ తను ఎక్కడో ఉన్న డైరెక్టర్లనందరినీ పేరుపేరునా తిట్టిపోసింది. వాళ్లంతా చక్కగానే తీశారు. సిగ్గులేని మనిషి ఇక్కడ ఫ్యాను కింద టీ తాగుతున్నాడు.

"ఓ పావుగంట ఆగమని బస్సు వాళ్లనే అడగొచ్చుగా?"

"ఆ డ్రైవర్ ఆగడండీ. రాయిలాంటి మనిషి. నేనూ రోజూ ఆ బస్సులోనే ఇంటికి వెళ్తాను. బాబాయ్ బాబాయ్ అని పిలుస్తాను కూడా. అయినా ఒక్క క్షణం ఆగడు."

జడ్జమ్మ నడుం మీద చేతులు పెట్టుకుంది. "ఆ రాయి మా నాన్న."

అతను టీ గ్లాసు కింద పెట్టబోయి గాలిలో పెట్టాడు.

* * *

ఆ పూట ఇంట్లో భోజనాల దగ్గర పంచాయితీ పెట్టింది. నీ వల్ల ఊళ్లో ఒక్క సినిమా పూర్తిగా ఆడటం లేదు, ఆ దర్శకుల ఉసురు నీకే తగులుతుంది అంది వాళ్ల నాన్నతో. ఆయన నిదానంగా తిన్నాడు, చెయ్యి కడుక్కున్నాడు, అప్పుడు చెప్పాడు. రెండో స్టాపులో ఒక నర్సు ఎక్కుతుంది. రాత్రి డ్యూటీ. ఆమె వెళ్తేగాని పగలు చేసిన నర్సుని ఇంటికి పంపరు. ఆ పగటి నర్సుకి ఇంట్లో పసిబిడ్డ. సినిమాలో ఎవరో ఎవరికో క్షమాపణ చెప్పుకోవడం కోసం ఆ పసివాడు పాలకేడవాలా?

ఇలాంటి అన్యాయం జడ్జమ్మకెప్పుడూ జరగలేదు. కోపం నిండా ఉంది, పడటానికి మనిషి లేడు. ఆలోచించి ఆలోచించి, మొత్తం తెచ్చి ఆపరేటర్ మీదే పెట్టింది.

మర్నాడు అతను ప్యాంటు కోసం వస్తే శిక్ష వేసింది. ఎవరెవరి ముందు తనని నవ్వులపాలు చేశాడో వాళ్లందరి ముందూ, తీసేసిన ప్రతి సీనూ వచ్చి చెప్పాలి. మధ్యాహ్నం ఆటకీ సాయంత్రం ఆటకీ మధ్య ఖాళీయే కదా.

వచ్చాడు. ప్రపంచంలో కథ చెప్పడం అంత చేతకాని మనిషిని ఆ షాపు ఎప్పుడూ చూడలేదు.

"ఆ తర్వాత దెయ్యం... అదీ... ఆ ఇంటావిడా దెయ్యమూ మాట్లాడుకుంటారండీ."

"ఏం మాట్లాడుకుంటారు?"

"మామూలుగానే."

"దెయ్యంతో మామూలుగా మాట్లాడతారా? అదేమంది, ఈవిడేమంది, దాని మొహం ఎలా ఉంది, అన్నీ చెప్పాలి."

గుక్క తిప్పుకోనివ్వకుండా అడిగేది. అతనికి చెమటలు పట్టేవి. అలా లాగగా లాగగా తెలిసిందేమంటే, ఆ దెయ్యానికి కావలసిందల్లా మేడ మీద మేకులు కొట్టేసిన కిటికీ తెరవడమే. బతికుండగా ఆ కిటికీలోంచే చెల్లెలు బడి నుంచి వచ్చే దారి చూసేదట. ఇంటావిడ మేకులు పీకి కిటికీ తెరిచింది. దెయ్యం ఒకసారి దారికేసి చూసి, దణ్ణం పెట్టి వెళ్లిపోయింది. ఇస్త్రీ అక్క ఎవరి చొక్కాతోనో కళ్లు తుడుచుకుని, మళ్లీ ఆ చొక్కానే ఇస్త్రీ చేసింది.

జడ్జమ్మ దెయ్యానికి క్షమాపణ చెప్పుకుంది. కోచ్‌కి కూడా. పాలవాడు హంతకుడే కాబట్టి అతనికి అక్కర్లేదంది.

సీన్లు అయిపోయాయి. అతను రావడం మాత్రం మానలేదు. ప్యాంటు పొడుగైందని ఒకసారి, పొట్టి అయిందని ఒకసారి తెచ్చేవాడు. అంచు విప్పీ మడిచీ, మడిచీ విప్పీ ఆ గుడ్డ పీచులు తేలింది. ఇంకోసారి విప్పితే ప్యాంటు నిక్కరవుతుందని వాళ్లమ్మ ముందే హెచ్చరించింది. మెల్లిమెల్లిగా అతనికి చెప్పడమూ అబ్బింది. కొత్త సినిమాలో తల్లీకూతుళ్ల దెబ్బలాట చెబుతున్నప్పుడు రెండు గొంతులూ తనే పెట్టాడు. తల్లి గొంతు బాగా కుదిరింది. జడ్జమ్మ నవ్వితే అతను చెప్పేది మర్చిపోయేవాడు. మర్చిపోతే ఆమెకి కోపం వచ్చేది. ఎప్పట్నుంచో తెలీదుగానీ ఆ కోపం తెచ్చుకోవడానికి ఆమె కాస్త కష్టపడాల్సి వచ్చేది.

ఒక మధ్యాహ్నం ఉన్నట్టుండి వాన. ఇద్దరూ షాపు ముందు రేకు కింద ఇరుక్కున్నారు. రేకు మీద వాన పడి ఆ చప్పుడుకి మాటలు వినబడటం లేదు. అతను కాస్త దగ్గరికి జరిగాడు.

"మీరు కూర్చునే సీటు మా కిటికీ కిందే," అన్నాడు. "కోపమొస్తే ముందు సీటుని కాలితో తంతారు. తీసేసిన చోటు రాగానే తన్నేవారు. ఒక్కసారి కూడా తప్పలేదు. నేను పైనుంచి చూస్తూ..."

"చూస్తూ?"

వాన జోరు తగ్గింది. అతను ఆమెకేసి చూశాడు, హాలుకేసి చూశాడు. ఆట టైమైందని చెప్పి వానలోనే పరిగెత్తాడు.

చూస్తూ ఏమిటి? ఆ వారమంతా జడ్జమ్మ కుట్టిన కాజాలు ఒకటీ తిన్నగా రాలేదు.

* * *

ఆదివారం సాయంత్రం అతని తల్లీ, హాలు ఓనరు మామయ్యా ఇంటికొచ్చారు. వాళ్ల వెనక అతను. వేసుకున్న చొక్కా ఇస్త్రీ అక్కే ఇస్త్రీ చేసినట్టుంది, మడత నిలబడి ఉంది. జడ్జమ్మ టీ గ్లాసులతో వస్తుంటే అతని తల్లి నవ్వుతూ పక్కన కూర్చోబెట్టుకుంది. పిల్లలిద్దరూ ఒక మాట అనుకున్నాక ఇక మనం చేసేదేముంది వదినా, మంచి రోజు చూసుకోవడమేగా అంది జడ్జమ్మ వాళ్లమ్మతో.

"ఏ మాట అనుకున్నాం?" అంది జడ్జమ్మ.

గదిలో అందరూ అతనికేసి చూశారు. అతను నేలకేసి చూశాడు.

"అదేనమ్మా," అన్నాడు మామయ్య, "మీ పెళ్లి మాట."

జడ్జమ్మ గ్లాసులున్న పళ్లెం బల్ల మీద పెట్టింది. గ్లాసులు గల్లుమన్నాయి. సిగ్గుపడుతోందనుకుని అతని తల్లి ముచ్చటపడింది కూడా.

"వానలో సగం మాట చెప్పి పరిగెత్తావు," అంది అతనితో. అంతవరకూ మీరు అన్న మనిషి నువ్వులోకి ఎప్పుడు దిగిందో ఆమెకే తెలీదు. "ఆ తర్వాత సీను ఇదా? నేను పెళ్లికి ముస్తాబై కూర్చోవడమా? నాకు చెప్పాల్సిన మాట మీ అమ్మకి చెప్పావు. మీ మామయ్యకి చెప్పావు. మధ్యలో ఏం జరిగిందని ఎవరైనా అడిగితే నేనేం చెప్పాలి? దీన్ని కూడా తీసేశావా?"

అతను పళ్లెంలోంచి ఓ టీ గ్లాసు తీసి, మళ్లీ అక్కడే పెట్టేశాడు.

"ఇలాంటి సినిమా నాకు నచ్చదని నీకు తెలుసు. ఊరందరికీ తెలుసు."

మెట్లు దిగి షాపులోకి వెళ్లిపోయింది. కింద మిషను గడగడలాడటం పైవాళ్లకి వినబడింది. ఆ రోజు దానిలో దారం లేదని ఎవరికీ తెలీదు.

ఇంతకీ అవునన్నట్టా కాదన్నట్టా అని మామయ్య అడిగాడు. వాళ్లమ్మ ఖాళీ గ్లాసులు తీస్తూ, ఆ సీను పడేదాకా మా పిల్ల ఏమీ చెప్పదండీ అంది. నాన్న గడియారం చూసుకున్నాడు, టోపీ పెట్టుకున్నాడు, డ్యూటీకి వెళ్లిపోయాడు. ఆ రాత్రి బస్సులో ఆపరేటర్ ఎప్పట్లాగే డ్రైవర్ సీటు వెనక కూర్చున్నాడట. ఊరు చివరిదాకా ఇద్దరూ ఒక్క మాట మాట్లాడుకోలేదట.

* * *

ఆ వారమంతా అతను షాపుకి రాలేదు. రాకపోతే పోనీ అంది జడ్జమ్మ. రాకపోవడానికి ఎంత ధైర్యం అని కూడా అంది. రెండూ ఒకే రోజు అంది.

శుక్రవారం మాత్రం ఎదురుగా హాల్లో కేకలు వినబడ్డాయి. ఓనరు మామయ్య గొంతు. సినిమాకి ముందు వేసే ప్రకటనలన్నీ మేనల్లుడు ఎత్తేశాడట. ఇంటర్వెల్ సగానికి కోసేశాడట. జనం ఇంకా సీట్లు వెతుక్కుంటుండగానే సినిమా మొదలెట్టేశాడట. కోసేది ఏదైనా ఉంటే అవి కోస్తాను మామయ్యా, సినిమాని ఇక ముట్టుకోను, కాదంటే వేరే ఆపరేటర్‌ని చూసుకో అన్నాడట. ఈ సమాచారమంతా ఇస్త్రీ అక్క తెచ్చింది.

జడ్జమ్మ సాయంత్రం ఆటకి వెళ్లింది. విడిపోయిన అన్నదమ్ముల కథ. ఆఖరికి ఇద్దరూ మెట్ల మీద కూర్చుని మాట్లాడుకున్నారు. చాలాసేపు మాట్లాడుకున్నారు. ఒక్క ముక్క ఎగరలేదు. ఎప్పుడూ ఆమె ముందు సీటులో కూర్చునే ముసలాయన తన్ను కోసం రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాడు. తన్ను పడలేదు.

జనంతోపాటు బయటికొచ్చేసరికి బస్టాండులో బస్సు గురగురలాడుతోంది. నాన్న స్టీరింగ్ ముందున్నాడు. జనం ఎక్కుతున్నారు. ఆపరేటర్ ఇనప మెట్లు రెండేసి చొప్పున దూకుతూ వచ్చి ఆమె ముందు నిలబడ్డాడు.

"నీతో మాట్లాడాలి," అన్నాడు. ఆయాసంతో అతనూ నువ్వులోకి దిగాడు.

"బస్సు పోతుంది."

"పోనీ."

"అంత దూరం నడుస్తావా?"

"నడుస్తాను. చెప్పకుండా మాత్రం వెళ్లను."

బస్సు కిటికీల్లోంచి తలలన్నీ ఇటే తిరిగాయి. ఎవరో డ్రైవర్ని ఓ పావుగంట ఆగమన్నారు. ఈ ఒక్కసారికే అని ఇంకెవరో బతిమాలారు.

"బస్సు ఆగదు," అన్నాడు నాన్న. తల బయటపెట్టి కూతుర్ని చూశాడు. "ఎక్కండి ఇద్దరూ. దారి పొడుగునా చెప్పుకోండి. తిరిగొచ్చేప్పుడు నిన్ను ఇంటి దగ్గర దింపుతాను."

ఎక్కారు. కూర్చోవడానికి చోటిచ్చినా ఇద్దరూ కూర్చోలేదు. అతను కడ్డీ పట్టుకుని నిలబడ్డాడు. బస్సు కదిలింది. వెనక సీట్లవాళ్లు తమకీ వినబడేలా కాస్త గట్టిగా చెప్పమన్నారు.

"మీ వాళ్ల ముందు నిన్ను తలెత్తుకోనివ్వకుండా చేశాను. అందుకని అందరి ముందే చెబుతున్నా," అని మొదలెట్టాడు. "బస్సు కోసం సీన్లు తీసేశానని చెప్పాను. అది సాకు. ప్రకటనలు తీసేస్తే సరిపోతుందని నాకు ముందే తెలుసు. మా ఇంట్లో ఎవరూ ఎవరికీ ఏదీ చెప్పరు. అన్నం వడ్డిస్తే ప్రేమ, వడ్డించకపోతే కోపం. మా నాన్న పోయేముందు కూడా నాతో ఏమీ అనలేదు. నేనూ అనలేదు. తెర మీద ఎవరైనా మనసు విప్పి మాట్లాడుతుంటే ఆ గదిలో ఒక్కణ్ణే ఉన్నా నాకు మొహం మండిపోయేది. కూర్చోలేకపోయేవాణ్ణి. అందుకే అవే తీసేసేవాణ్ణి."

వెనక సీట్లవాళ్లు లేచి ముందుకొచ్చి నిలబడ్డారు.

"నువ్వు సీటుని తన్నినప్పుడల్లా నన్నే తన్నినట్టుండేది. తర్వాత తర్వాత దాని కోసమే ఎదురుచూసేవాణ్ణి. ఆ మాటలు లేకపోతే లోటని తెలిసిన మనిషి ఊళ్లో ఒకరున్నారని. ఆ ప్యాంటు నాది కాదు. మామయ్యది. ఆయన దానికోసం ఇంకా వెతుకుతున్నాడు."

రెండో స్టాపు వచ్చింది. నర్సు ఎక్కింది. బస్సంతా అలా నిశ్శబ్దంగా ఉండటం చూసి కంగారుపడి ఏమైందని అడిగింది. హాల్లో ముందు సీటు ముసలాయన ఆమెకి గుసగుసగా జరిగిన కథ చెప్పాడు, ప్యాంటుతో సహా.

"మా అమ్మని పంపడం తప్పు," అన్నాడతను. "అడగాల్సింది నిన్ను. అడిగితే నువ్వు కాదంటావేమోనని, ఆ ముక్క దాటేస్తే పోతుందనుకున్నాను. నాకు నువ్వంటే ఇష్టం. నువ్వు కోప్పడితే ఇష్టం, నవ్వితే ఇంకా ఇష్టం. నన్ను పెళ్లి చేసుకుంటావా? కాదన్నా సరే, సీన్లు మాత్రం ఇక తియ్యను. ఇంకా ఉంది, చెప్పనా?"

"చెప్పు," అంది జడ్జమ్మ.

చెప్పాడు. అన్నీ వరసగా చెప్పలేదు. ఒకే మాట మూడుసార్లు చెప్పాడు. మధ్యలో వాన గురించి చెప్పబోయి దెయ్యం గురించి చెప్పాడు. ఆసుపత్రి దగ్గర బస్సు ఆగింది. నర్సు మెట్టు మీద ఒక కాలు పెట్టి వెనక్కి చూసింది.

"అసలైన చోట నన్ను దింపేస్తున్నారు," అంది ఉక్రోషంగా. "రేపు నాకు మొత్తం చెప్పాలి. ఒక్క ముక్క వదలకుండా."

ఆమె లోపలికి వెళ్లేదాకా చూసి నాన్న బస్సు తీశాడు. ఎన్నో ఏళ్లుగా ఆ దారిలో ఎక్కేవాళ్లు తర్వాత చాలా రోజులు చెప్పుకున్నారు, ఆ బస్సు అంత నెమ్మదిగా నడవడం వాళ్లెప్పుడూ చూడలేదని.

"బాబాయ్," అన్నాడు ఆపరేటర్, డ్రైవర్ సీటు వైపు తిరిగి. "మీకు కూడా చెప్పాలి..."

"రేపట్నుంచి నన్ను బాబాయ్ అనొద్దు," అన్నాడు నాన్న, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా.

అతని మొహం పాలిపోయింది. ముసలాయన పకపకా నవ్వాడు. "పిచ్చివాడా, బాబాయ్ కూతుర్ని చేసుకుంటావా? మామయ్యా అనమంటున్నాడు."

బస్సంతా నవ్వింది. నాన్న మాత్రం నవ్వలేదు. ఎదురుగా ఉన్న అద్దాన్ని కాస్త సర్ది అందులోంచి కూతురికేసి చూశాడు. శనివారాలు షాపులో అందరూ అడిగినట్టే అడిగాడు.

"ఏమ్మా, ఎలా ఉంది?"

జడ్జమ్మ కడ్డీ మీద చెయ్యి పక్కకి జరిపింది. అతని చెయ్యి దగ్గర ఆగింది. మొహంలో కోపం ఇంకా కొంచెం మిగిలే ఉంది. దాన్ని అంత త్వరగా వదిలేసే మనిషి కాదు.

"సాగదీశాడు నాన్నా," అంది. "కానీ తీసెయ్యాల్సిన ముక్క ఒక్కటీ లేదు."